కాతిబు బాధ్యత: కంప్యూటరు ఉద్యోగి వృత్తిధర్మంపై ఒక పరిశీలన

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటె దీర్ఘమైన ఆయతు ఏది అన్న ప్రశ్నకు సమాధానం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అది నమాజును గురించినది కాదు, స్వర్గనరకాలను గురించినదీ కాదు. బఖర సూరాలోని ఆ 282వ ఆయతు అప్పుపత్రం రాసుకోవడాన్ని గురించినది. గడువు పెట్టుకొని అప్పు ఇచ్చిపుచ్చుకునేవారు దానిని రాసుకోవాలి; రాసేవాడు ఇరుపక్షాల నడుమ న్యాయంగా రాయాలి; రాత వచ్చినవాడు రాయనని మొరాయించరాదు; మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదు. ఇదీ అందులోని విషయం. ఒక వృత్తివానికి, అంటే లేఖకునికి, ఆ ఆయతులో ఇంత చోటు లభించడం గమనార్హం. అరబీలో అతనిని కాతిబు అంటారు.

ఆ ఆయతు చివరి భాగంలో 'యుదార్ర' అనే క్రియాపదం ఒకటి వస్తుంది. అనువాదకులను ఇబ్బంది పెట్టే పదాలలో ఇదొకటి. దాని ధాతువులో చివరి రెండు అక్షరాలూ 'రా'లే. అవి కలిసి ద్విత్వం కావడంతో వాటి నడుమనున్న అచ్చు లోపిస్తుంది. ఆ అచ్చు 'ఇ' అనుకుంటే, కాతిబు ఎవరికీ హాని చేయరాదని అర్థం. 'అ' అనుకుంటే, కాతిబుకు ఎవరూ హాని చేయరాదని అర్థం. వ్యాకరణం రెండింటికీ అవకాశమిస్తుంది. తొలితరం వ్యాఖ్యాతల నుంచి రెండు అర్థాలూ మనకు అందాయి. తెలుగులో ఇలాంటి వెసులుబాటు లేదు. 'హాని చేయరాదు', 'హాని జరగరాదు' అన్న రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకొని, రెండవదానిని అధోజ్ఞాపికలోకి నెట్టవలసి వస్తుంది. అనువాదంలో అది పెద్ద లోపం కాకపోవచ్చు. కాని వృత్తిధర్మం సంగతికి వచ్చేసరికి, ఆ రెండింటిలో ఒకటి జారిపోతే రెండవది కూడా నిలవదు. నేటి కాతిబుకు, అంటే ఇతరుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించి, భద్రపరచి, అవసరమైనవారికి చూపే ఉద్యోగికి, ఈ రెండర్థాలూ ఎలా వర్తిస్తాయన్నది పరిశీలించవలసిన విషయం.

పశ్చిమ ప్రకాశంలో లెక్క రాసిన చేతులు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలోనివి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. జిల్లా ఏదైనా, పల్లెలో లెక్క రాసిన చేయి మాత్రం తరతరాలుగా కరణానిదే. ఎవరి చేను ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టారు, ఎవరి బాకీ ఎంత అన్నది ఆయన దస్త్రంలో ఉండేది. రైతుకు చదువు రాదు. దస్త్రంలో ఏమి ఉన్నదో, ఏమి మారిందో తెలియదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. పదవి పోయింది గాని, ఒకరి హక్కు మరొకరి రాతలో ఉండడమనే స్థితి పోలేదు.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ సచివాలయాలలో డిజిటల్ అసిస్టెంట్లను నియమించారు. బియ్యం కార్డు దరఖాస్తు, కుల ధ్రువీకరణ, పొలం వివరం వంటివాటిని కంప్యూటరులోకి ఎక్కించేది ఆ ఉద్యోగి చేయి. పట్టణాలలో ఇదే పనికి మీసేవ కేంద్రాలు ఉన్నాయి. చిన్న అంగడిలో వేలిముద్ర యంత్రం పెట్టుకొని బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే వ్యక్తి మరొకడు. ఇక ఈ ప్రాంతపు పిల్లలు ఇంజనీరింగు చదివి హైదరాబాదు, బెంగుళూరు వెళ్లి, తామెన్నడూ చూడని దేశాల బ్యాంకుల ఖాతాలను, ఆసుపత్రుల రోగుల చిట్టాలను నడుపుతున్నారు. పని స్థాయిలో, జీతంలో ఎంత తేడా ఉన్నా వీరందరిదీ ఒకే వృత్తి: తమవి కాని వివరాలు తమ చేతిలో ఉండడం.

ఈ స్థితికి అరబీలో ఉన్న పేరు అమానతు. ఈ మాట తెలుగు లెక్కలలోకి ఏనాడో వచ్చింది. పాత ఖాతా పుస్తకాలలో కనిపించే 'అనామతు' అదే. మొదట దాని అర్థం నమ్మి అప్పగించిన సొమ్ము. క్రమేణా ఏ పద్దుకు చెందిందో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా వేసి ఉంచే ఖాతాకు ఆ పేరు స్థిరపడింది. దీనికి తోబుట్టువైన 'అమీను', అంటే నమ్మదగినవాడు, మన దగ్గరకు వచ్చి కోర్టు జప్తులు చేసే అమీనా అయింది. మాటలకు కూడా ఉద్యోగాలలో స్థాయి తగ్గుతుంది కాబోలు! 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం, ఇతరుల వివరాలను సేకరించి వినియోగించే సంస్థకు 'డేటా ఫిడ్యూషియరీ' అని పేరు పెట్టింది. ఫిడ్యూషియరీ అంటే నమ్మకంపై ఇతరుల సొమ్మును చూసేవాడు. అంటే అమీనే. పదం ఇంత తిరిగి మళ్లీ తన మొదటి అర్థానికి చేరింది.

యజమానికీ అమీనుకూ తేడా కంభం చెరువు కింది రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. తూము తెరిచే మనిషి చేతిలోనుంచే చెరువు నీరంతా పోతుంది. అందులో ఒక్క కుండెడు కూడా, ఆ తూము అతని చేతిలో ఉన్నందువల్ల, అతనిది కాదు.

ఉపాధి హామీ పట్టిక

వానలు తక్కువైన ఈ ప్రాంతంలో ఉపాధి హామీ పథకం ఎంతగా నిలబెట్టిందో చెప్పనవసరం లేదు. 2005 నాటి చట్టం కింద ప్రకాశం జిల్లా 2007లో రెండవ విడతలో ఆ పథకంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని లెక్కలను మొదటినుంచీ కంప్యూటరులో నడిపారు. జాబు కార్డు, మస్టరు, కొలతలు, చెల్లింపు అన్నీ మండల కార్యాలయంలో ఆపరేటరు చేతి మీదుగా యంత్రంలోకి వెళ్లేవి. ఆ లెక్కలను ఊరివారి ఎదుట చదివి వినిపించే సామాజిక తనిఖీకి కూడా ఈ రాష్ట్రం పేరుపడింది. ఫలానా వారు ఇన్ని రోజులు పనిచేశారు, ఇంత కూలి తీసుకున్నారు అని చదువుతుంటే, ఆ రోజుల్లో ఊళ్లోనే లేని మనిషి పేరు మస్టరులో ఉన్నట్టు బయటపడేది. 282వ ఆయతులోని మరొక నియమం ఇక్కడ స్మరించదగినది. పత్రంలోని మాటలు చెప్పి రాయించవలసింది అప్పు ఇచ్చినవాడు కాదు, బాకీపడినవాడు. అతనికి ఆ శక్తి లేకపోతే అతని తరఫున సంరక్షకుడు. బలహీనపక్షానికి తెలియకుండా పత్రం తయారు కారాదన్నది దాని ఉద్దేశమని వేరే చెప్పనక్కరలేదు. సామాజిక తనిఖీ కూలీకి ఇచ్చింది ఆ అవకాశమే.

అయితే 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక ప్రకటించారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల మంది ఆధార్ సంఖ్యలు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఎవరైనా చూడగలిగే విధంగా ఉన్నాయన్నది దాని సారాంశం. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పట్టిక ఒకటి, చంద్రన్న బీమా రెండవది. వీటిని ఎవరూ దొంగిలించలేదు, తాళం పగులగొట్టలేదు. పారదర్శకత పేరుతో పెట్టిన పట్టికలోనే ఆ గడులు కూడా ఉన్నాయి.

ఇక్కడే వృత్తిధర్మం సున్నితమవుతుంది. కూలీ ఎన్ని రోజులు పనిచేసిందన్నది ఊరికి తెలియవలసిన విషయం. అది ప్రజల సొమ్ము. ఆమె ఖాతా సంఖ్య ఊరికి తెలియవలసినది కాదు. అది ఆమె అమానతు. రెండూ ఒకే పట్టికలో పక్కపక్క గడులలో ఉన్నాయి. ఏ గడిని చూపాలో, ఏ గడిని కప్పాలో నిర్ణయించిన క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో కంప్యూటరు ముందు కూర్చున్నది మంత్రి కాదు, కలెక్టరూ కాదు. షరీఅత్ శాస్త్రంలో, అవసరం వల్ల కలిగిన అనుమతి ఆ అవసరం మేరకే పరిమితమన్న సూత్రం ఉంది. వైద్యుడు గాయమున్న చోటు చూడవచ్చు, దాన్ని దాటి చూడరాదు. చూపవలసిన గడులను లెక్కించడానికి ఇంతకంటె మంచి కొలత దొరకదు.

మరుసటి ఏడాది ఇంతకంటె బాధాకరమైన ఉదంతం బయటపడింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులం, మతం వివరాలతో సహా బహిరంగంగా ఉన్నట్టు తేలింది. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి జాబితాను వెదికే సదుపాయం కూడా అందులో ఉంది. ఇల్లు మంజూరు కావడానికి మతం గడి ఎందుకు నింపారన్నది ఒక ప్రశ్న. సంక్షేమ పథకాలలో అల్పసంఖ్యాకుల వాటా లెక్కించడానికి ఆ వివరం కార్యాలయానికి అవసరం కావచ్చు. కాని ఫలానా మతం వారి ఇళ్లు ఏవో వెదికి చూపే మీటను దారిన పోయేవానికి ఎవరు ఇమ్మన్నారు? బహుశా ఎవరూ ఇమ్మని ఉండరు. అన్ని గడులకూ వెదుకులాట పెట్టడం ప్రోగ్రామరుకు సులభం. ఒక గడిని మినహాయించడానికి ఆలోచించాలి. దురుద్దేశం లేకుండానే ప్రమాదకరమైన పని జరిగిపోతుంది. ఇతర దేశాలలోనూ, మన దేశంలోనూ అల్లరిమూకల చేతిలో ఇళ్ల జాబితాలు ఉన్నప్పుడు ఏమి జరిగిందో తెలిసినవారు ఈ ఆలోచనారాహిత్యాన్ని చిన్నతప్పుగా కొట్టిపారవేయలేరు.

వివరం బయటపడితే ఏమవుతుంది, అందులో పోయిందేముంది అనేవారు లేకపోలేదు. అదే 2018 జూన్‌లో తెలంగాణలో సిమ్‌కార్డులు అమ్మే ఒక వ్యక్తి భూమి రిజిస్ట్రేషను పత్రాల నకళ్లను ప్రభుత్వ వెబ్‌సైటునుంచి దించుకొని, వాటిపై ఉన్న వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌కార్డులను చలామణీలోకి తెచ్చినట్టు పోలీసులు వెల్లడించారు. సంఖ్య దొంగిలించబడితే మార్చుకోవచ్చు. వేలిని ఎలా మార్చుకుంటారు?

జీతగాడు, చేతిపనివాడు

తప్పు జరిగినప్పుడు పూచీ ఎవరిది? ఈ ప్రశ్నను ఫిఖ్హ్ శాస్త్రవేత్తలు ఎంతో సూక్ష్మంగా చర్చించారు. పన్నెండవ శతాబ్దపు హనఫీ గ్రంథం హిదాయాలోని కూలి ప్రకరణంలో పనివారిని రెండు విధాలుగా విభజించారు. తన కాలాన్ని ఒకరికే అమ్ముకున్నవాడు అజీరె ఖాస్; నెల జీతానికి గొర్రెలు కాసేవాడు దీనికి ఉదాహరణ. పనిని మాత్రమే ఒప్పుకొని పదిమందికి చేసేవాడు అజీరె ముష్తరక్. దర్జీ, రంగులద్దేవాడు, చాకలి ఇందులో చేరతారు. కంపెనీలో నెలజీతం తీసుకునే ప్రోగ్రామరు మొదటి తరగతివాడు. మీసేవ కేంద్రం నడిపేవాడు, ఇతరుల కోసం కంప్యూటరు పని ఒప్పుకునే కంపెనీ రెండవ తరగతి.

మొదటి తరగతివానికి, కాలాన్ని అప్పగించినంతనే జీతం హక్కవుతుంది, యజమాని పని ఇవ్వకపోయినా సరే. కాబట్టి పని లేక 'బెంచీ' మీద కూర్చున్న కుర్రవాడు తన జీతం ధర్మమేనా అని మథనపడనక్కరలేదు. గొర్రెలు లేకపోవడం కాపరి తప్పు కాదు. అయితే ఆ కాలంలో అతడు మరొకరికి పనిచేయరాదు. 2022 సెప్టెంబరులో విప్రో సంస్థ, తమ వద్ద ఉంటూనే పోటీ సంస్థలకు పనిచేస్తున్న మూడు వందల మందిని తొలగించినట్టు ప్రకటించినప్పుడు దేశమంతటా చర్చ జరిగింది. ఫిఖ్హ్ దృష్టిలో సమాధానం ఒప్పందంలోని కాలాన్ని బట్టి ఉంటుంది. అమ్ముకున్న గంటలు యజమానివి, అమ్ముకోని రాత్రి తనది. కాని ఒకచోటి రహస్యం మరొకచోట ఉపయోగపడే పని అయితే గంటల లెక్కతో దానిని సమర్థించుకోవడం కుదరదు.

పూచీ విషయంలో ఇమాంల మధ్య భేదాభిప్రాయం ఉంది. చేతిపనివాని వద్దనున్న బట్ట అమానతు. అతని చేతి పనివల్ల చెడితే తప్ప, దానంతట పోతే అతనిపై పూచీ లేదని ఇమాం అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ మాత్రం ఊరంతా తగలబడిన మంటవంటి తప్పించుకోలేని ఆపద అయితేనే మినహాయింపు, లేకుంటే పూచీ తప్పదన్నారు. అలా కాకపోతే ప్రజల సొమ్ముకు రక్షణ ఉండదని వారి వాదం. 2023 చట్టం శిష్యుల పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది. తగిన రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కోట్లమంది సొమ్ము ఒక్క దుకాణంలో ఉన్న ఈ కాలంలో అదే సబబు.

జీతగానిపై మాత్రం, హద్దు మీరితే తప్ప, పూచీ లేదు. పొరపాటున ఒక పట్టిక చెరిగిపోతే అది దోషం కాదు. హద్దు మీరడం వేరు. అప్పగించిన గుర్రాన్ని ఎక్కి తిరిగినవాడు, అది క్షేమంగా తిరిగివచ్చినా, తిరిగినంతసేపు అమీను కాడని శాస్త్రవేత్తలు అంటారు. ఈ ఉదాహరణ మన ఇళ్లలో రోజూ ఎదురయ్యేదే. పెళ్లి సంబంధం ఒకటి వస్తుంది. బ్యాంకు కంప్యూటర్లలో పనిచేసే కుర్రవానికి గిద్దలూరు నుంచి ఫోను వస్తుంది: "నాయనా, ఆ పిల్లవానికి అప్పులేమైనా ఉన్నాయేమో ఒక్కసారి చూసి చెప్పరాదూ? ఆడపిల్ల జీవితం." అడిగేది మేనత్త. కోరికలో దురుద్దేశం లేదు. పైగా సంబంధం విషయంలో అడిగినవారికి నిజం చెప్పడం ధర్మమే. ఫాతిమా బిన్తె ఖైస్ తనకు వచ్చిన సంబంధాలను గురించి సలహా అడిగినప్పుడు మహాప్రవక్త (స) ఆ మనుషుల లోపాలను దాచకుండా చెప్పినట్టు హదీసులో ఉంది. అయినా ఆ కుర్రవాడు చూడరాదు. సలహాదారు చెప్పవలసింది తాను మనిషిగా ఎరిగినది. బ్యాంకు యంత్రంలో ఉన్నది అతడు ఎరిగినది కాదు, అతని వద్ద దాచినది. "మా ఇంట్లోవాళ్ల ఖాతా కూడా నేను తెరవను అత్తయ్యా, పిల్లవాని ఊరికి వెళ్లి నాలుగిళ్లలో విచారించుదాం" అనగలిగితే బంధుత్వమూ అమానతూ రెండూ నిలుస్తాయి. 2008 సవరణతో సమాచార సాంకేతిక చట్టంలో చేరిన 72ఎ సెక్షను కూడా, పనిలో భాగంగా తెలిసిన వ్యక్తిగత వివరాలను ఒప్పందానికి విరుద్ధంగా, నష్టం కలుగుతుందని తెలిసి వెల్లడించినవారికి మూడేళ్ల వరకు జైలు నిర్దేశించింది.

తనను గురించి తాను రాసుకునే మొదటి పత్రంలోనే అబద్ధం రాసే అలవాటు గురించి కూడా ఒక మాట. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే ధ్రువపత్రాలు, ఒకరి బదులు మరొకరు ఇంటర్వ్యూకు కూర్చోవడం నేడు వ్యాపారంగా సాగుతున్నాయి. ఇందులో చర్చించవలసిన భేదాభిప్రాయమేమీ లేదు.

పైవాని ఉత్తరువు

అసలు చిక్కు, పని ఇచ్చినవాడే తప్పు చేయమన్నప్పుడు వస్తుంది. వడ్డీ తినేవాడు, ఇచ్చేవాడితోపాటు దాని పత్రం రాసినవానిని, సాక్షులను కూడా మహాప్రవక్త (స) ఒకే వరుసలో నిలిపారన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కాతిబుకు అందులో లాభం లేదు, నష్టమూ లేదు, కేవలం రాశాడు. అయినా వరుసలో ఉన్నాడు.

తెలుగువారికి ఈ సందర్భంలో సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాక మానదు. 1987లో మొదలై యాభై వేలమందికి పైగా ఉద్యోగులున్న సంస్థగా ఎదిగింది. 2009 జనవరి 7న దాని అధిపతి బి. రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాలలో చూపిన నగదు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివేనని ఒప్పుకున్నారు. దర్యాప్తులో ఏడున్నర వేలకు పైగా కల్పిత బిల్లులు బయటపడ్డాయి. బిల్లుల ప్రోగ్రాములో ప్రత్యేకాధికారం గల లాగిన్‌తో వాటిని చొప్పించి, ఇతర విభాగాలకు కనబడకుండా ఉంచారని సి.బి.ఐ. పేర్కొంది. కంభం తూముకు దొంగకన్ను పెట్టినట్టు! 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేళ్ల శిక్ష విధించింది. మరుసటి నెలలో పై న్యాయస్థానం ఆ శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది. ఆ పదిమందిలో అధిపతి, ఆయన సోదరులు, ఆడిటర్లతోపాటు ఆర్థిక విభాగంలో జీతానికి పనిచేసినవారు కూడా ఉన్నారు.

విదేశాలలో దీనికంటె స్పష్టమైన ఉదాహరణ ఉంది. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగను తగ్గించి, రోడ్డెక్కాక వదిలివేసే ప్రోగ్రామును ఫోక్స్‌వ్యాగన్ సంస్థ కోటికి పైగా డీజిలు కార్లలో పెట్టినట్టు 2015లో వెల్లడైంది. 2017 ఆగస్టులో అమెరికా న్యాయస్థానం ఇంజనీరు జేమ్స్ లియాంగ్‌కు 40 నెలల జైలుశిక్ష వేసింది. ఆయన సంస్థ అధిపతి కాడు.

అయితే రాసిన ప్రతి వరుసకూ దాని భవిష్యత్ వినియోగమంతటికీ ప్రోగ్రామరు బాధ్యుడా? కాడు. మద్యం కాచేవానికి ద్రాక్షరసం అమ్మడంపై ఇమాం అబూ హనీఫాకు అభ్యంతరం లేదు. పాపం తరువాతి మనిషి స్వేచ్ఛగా చేసే పనిలో ఉంది, రసంలో లేదు. శిష్యులిద్దరూ దానిని సమ్మతించలేదు. కాని అల్లర్ల కాలంలో, అల్లరిమూక అని తెలిసి వారికి ఆయుధం అమ్మరాదనడంలో అందరూ ఒక్కటే. ఆయుధం ఆ పనికే తయారైనది. లెక్కలు కూడే ప్రోగ్రాము ద్రాక్షరసం. బిల్లును ఆడిటరు కంటికి కనపడకుండా చేసే మీట, పరీక్ష జరుగుతున్నదని పసిగట్టే మీట ఆయుధం. అవి మరొక పనికి రావు. వాటిని రాయమన్నప్పుడు 'ఎందుకు' అని అడగకపోవడం తెలియకపోవడం కాదు, తెలుసుకోకపోవడం.

రెండవ అర్థం

'రాయను' అనడం చెప్పినంత తేలిక కాదు. చేను తాకట్టు పెట్టి చదివించిన తండ్రి, బ్యాంకులో చదువు రుణం, పెళ్లికి ఎదిగిన చెల్లెలు, కంపెనీతో చేసుకున్న బాండు. ఇవన్నీ ఉన్న కుర్రవానికి ధర్మం బోధించి చేతులు దులుపుకోవడం అన్యాయం. కాతిబుకు ఎవరూ హాని చేయరాదన్న రెండవ అర్థం ఇక్కడే అవసరమవుతుంది. కాతిబు హాని చేయరాదని ఆదేశించే సమాజం, అతనికి హాని జరగకుండా చూసే పూచీని కూడా తీసుకోవాలి.

ఆ పూచీ మన దేశంలో బలహీనంగా ఉంది. సత్యం గుట్టు బయటపడడానికి కొద్దివారాల ముందు, 2008 డిసెంబరులో, లెక్కలలో మోసాన్ని తెలుపుతూ సంస్థ డైరెక్టర్లలో ఒకరికి ఈమెయిలు వచ్చింది. రాసినవారు మారుపేరు పెట్టుకున్నారు. నిజం చెప్పడానికి మారుపేరు కావలసి రావడం చాలు, పరిస్థితి తెలియడానికి. 2013 కంపెనీల చట్టం స్టాకు మార్కెట్టులో ఉన్న సంస్థలలో ఫిర్యాదుదారుకు రక్షణగల మార్గం ఉండాలన్నది. 2014లో ఫిర్యాదుదారుల రక్షణ చట్టం ఆమోదం పొందినా, అది ప్రభుత్వ సేవకుల అవినీతికి సంబంధించినది. దానిని అమలులోకి తేవడంలో జాప్యం ఏళ్ల తరబడి సాగింది. చిన్న కంపెనీలో, కాంట్రాక్టు మీద ఉన్నవానికి ఇవేవీ అందవు.

అందువల్ల మెట్లు మెట్లుగా నడవడమే వివేకం. మొదట నోటిమాటగా వచ్చిన ఉత్తరువును రాతలో ఇమ్మని మర్యాదగా అడగాలి. చాలా చెడు ఉత్తరువులు ఈ ఒక్క మాటతోనే వెనక్కి పోతాయి. రాతలో వస్తే అభ్యంతరాన్ని రాతలోనే తెలపాలి, పైవారికి నివేదించాలి. అప్పటికీ ఆగకపోతే వేరే ఉద్యోగం వెదుక్కునేంత గడువు తీసుకోవడాన్ని, ఇంటిని పోషించవలసినవాని విషయంలో, తప్పుపట్టడం కష్టం. ఆ గడువులో ఆ మీటను తాను రాయకుండా ఉంటే చాలు. సాక్ష్యం కోసమంటూ ఇతరుల వివరాలను ఇంటికి మోసుకుపోవడం మాత్రం మరో హద్దు మీరడమే అవుతుంది. మార్కాపురం, గిద్దలూరు నుంచి వెళ్లిన పెద్ద ఉద్యోగులు హైదరాబాదులో, బెంగుళూరులో ఎందరో ఉన్నారు. ఉద్యోగం వదులుకున్న చిన్నవానికి మూడు నెలల అప్పు, మరొకచోటికి ఒక సిఫారసు ఏర్పాటు చేయడం వారికి భారం కాదు. జకాతు, సదఖా సొమ్ములు నడిపే సంఘాలు చదువు రుణభారంలో ఉన్నవానిని ఆదుకోవచ్చునా అన్నది కూడా ఉలమాల ఎదుట పెట్టదగిన ప్రశ్న. అప్పులపాలైనవారు జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో ఉన్నారన్నది విదితమే.

ఇక ఉద్యోగం వదిలి వచ్చేటప్పుటి సంగతి. ఒకప్పుడు దేశంలోని బడిపిల్లల చేతుల్లో మార్కాపురం పలకలు ఉండేవి. పలక మీది రాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కంప్యూటరులో తుడిచితే ఎక్కువసార్లు పోయేది చూపు మాత్రమే. రాత్రిపూట తీసిన నకలు వేరేచోట ఉంటుంది. ప్రోగ్రామును పరీక్షించడానికి అసలు మనుషుల వివరాలతో ఇచ్చిన పాత పట్టిక ఎవరి ల్యాప్‌టాపులోనో మిగిలి ఉంటుంది. 2023 చట్టం తన వివరాలను తుడిచివేయమని కోరే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి, విడతలుగా అమలుకు వచ్చే విధంగా ఉన్నాయి. ఫిఖ్హ్‌లోనూ సొంతదారు అడిగిన తరువాత అమానతును ఆపుకున్నవాడు ఆ క్షణంనుంచి పూచీదారు. కాని ఎన్ని నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అధిపతికి తెలియదు, న్యాయమూర్తికీ తెలియదు. తీసినవానికి తెలుస్తుంది, అదీ అతడు గుర్తుపెట్టుకుంటే. అందుచేత తీసిన ప్రతి నకలునూ, తేదీతో, చోటుతో, మొదటిరోజు నుంచే ఒక చిట్టాలో రాసి, వెళ్లేనాడు దానిని తరువాతివానికి అప్పగించి రావాలి. రాయడానికి విసుగు చెందవద్దన్న ఆయతులోని మాట ఆ చిట్టాకు కూడా వర్తిస్తుంది.